కూలిన ఇంగ్లిష్ భవంతికి వెళ్తే ఏం చూడాలి, ఎలా చూడాలి

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళం వీకెండ్‌కి ఎక్కడికైనా వెళ్దామనుకుంటే ముందు లండన్, తర్వాత ఏదో ఒక కోట, అదీ కాకపోతే లేక్ డిస్ట్రిక్ట్. పైకప్పు పోయి గోడలు మాత్రం మిగిలిన పాత దొరల భవంతులు దేశమంతా ఉన్నా వాటివైపు పెద్దగా ఎవరూ వెళ్ళరు. వెళ్ళినవాళ్ళు కూడా స్తంభాల ముందు నాలుగు ఫొటోలు దిగి, "లోపల ఏం లేదుగా" అనేసి పావుగంటలో టీ తాగడానికి వెళ్ళిపోతారు. నాకు అది చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది, ఎందుకంటే చెక్కుచెదరని భవంతిలో టికెట్ కొనుక్కుని తాళ్ళ వెనక నిలబడి చూసినా కనపడనివి ఇక్కడ కళ్ళెదుటే ఉంటాయి. ఆ గోడ దేంతో కట్టారు, అంతస్తు ఎక్కడ ఆగింది, పొగ ఎటు పోయింది, ఏది ముందు కట్టారు, ఏది తర్వాత అతికించారు, అన్నీ బయటికే ఉంటాయి. చూడటం తెలిస్తే రెండు మూడు గంటలు సరిపోవు.

ఎలా చూడాలో చెప్పడానికి ఒక భవంతి పట్టుకుంటాను, అదే విట్లీ కోర్ట్. వూస్టర్‌షైర్‌లో, వూస్టర్ నుంచి వాయవ్యంగా దాదాపు 10 మైళ్ళు, గ్రేట్ విట్లీ అనే ఊరి పక్కన. బర్మింగ్‌హామ్, వుల్వర్‌హాంప్టన్‌లలో ఉండేవాళ్ళకి కారులో సుమారు గంట ప్రయాణం. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను దీన్నే చెప్తాను, ఎందుకంటే కట్టడం, డబ్బు, మంటలు, దోపిడీ, తోట, చర్చి, అన్నీ ఒకే చోట దొరుకుతాయి.

ముందు ఇంటి దగ్గర కూర్చుని చేసే పని

ఒక సాయంత్రం కేటాయించండి, ఎక్కువ అక్కర్లేదు. మూడు ప్రశ్నలకి జవాబు తెలుసుకుని వెళ్ళండి: డబ్బు ఎక్కడిది, ఎన్నిసార్లు కట్టారు, ఎలా పోయింది. ఈ మూడూ తెలియకుండా వెళ్తే రాళ్ళు రాళ్ళుగానే ఉంటాయి.

ఎక్కడ వెతకాలంటే, హిస్టారిక్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ళ రక్షిత కట్టడాల జాబితా, నేషనల్ హెరిటేజ్ లిస్ట్, ఆన్‌లైన్‌లో ఉచితం, భవంతి పేరు కొడితే ఏ శతాబ్దంలో ఏ భాగం కట్టారో క్లుప్తంగా ఉంటుంది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైట్‌లో పాత ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపులు ఉన్నాయి, పేరు స్కాట్లండ్ అయినా ఇంగ్లండ్ మ్యాపులు కూడా పెట్టారు, అక్కడ ఇప్పుడు గడ్డి ఉన్న చోట ఒకప్పుడు గాజు ఇళ్ళు, గుర్రపుశాలలు, వంట తోటలు ఎక్కడుండేవో కనిపిస్తాయి. ఆ మ్యాపు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో ఉంచుకోండి, అక్కడ సిగ్నల్ మీద ఆధారపడొద్దు. ఇంకో మంచి వనరు జనాభా లెక్కలు. 1841 నుంచి 1921 దాకా లెక్కల పత్రాలు బయటికి వచ్చాయి, ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరెవరు పడుకున్నారో, వంటమనిషి ఎవరు, దాసీ పిల్ల వయసెంత, ఏ ఊరి నుంచి వచ్చిందో పేర్లతో సహా ఉంటుంది. దొరగారి పేరు ఎలాగూ ఎక్కడైనా దొరుకుతుంది, వీళ్ళ పేర్లు అక్కడే దొరుకుతాయి.

విట్లీ విషయంలో మీకు ఆ పని తగ్గిస్తాను.

1655లో థామస్ ఫోలీ అనే ఆయన ఈ ఎస్టేట్ కొన్నాడు. ఇనుము వ్యాపారం. బర్మింగ్‌హామ్‌కి పడమరగా బ్లాక్ కంట్రీ అనే ప్రాంతం ఉంది కదా, అక్కడ ఇళ్ళల్లోనే కొలిమి పెట్టుకుని ఆడవాళ్ళు, పిల్లలు సహా మేకులు కొట్టేవాళ్ళు. ఆ మేకులకి కావాల్సిన ఇనుము సరఫరా చేసి ఫోలీలు సంపాదించారు. అప్పటికే ఇక్కడ ఎర్ర ఇటుకల ఇల్లు ఒకటి ఉంది, దాన్ని పెంచుకుంటూ పోయారు. 1800ల మొదట్లో మూడో లార్డ్ ఫోలీ జాన్ నాష్‌ని పిలిపించి ముందూ వెనకా పెద్ద పెద్ద స్తంభాల పోర్టికోలు, అంటే వాకిలి మండపాలు, పెట్టించాడు. బకింగ్‌హామ్ ప్యాలెస్‌ని పెంచి కట్టిన నాషే ఈయన. ఆ తర్వాత అప్పులు పెరిగి, 1837లో మొత్తం ఎస్టేట్‌ని 8,90,000 పౌండ్లకి వార్డ్ కుటుంబానికి అమ్మేశారు. వీళ్ళదీ బ్లాక్ కంట్రీ డబ్బే, ఈసారి బొగ్గు గనులు కూడా. ఆ కుటుంబంలోని విలియం వార్డ్ తర్వాత ఎర్ల్ ఆఫ్ డడ్లీ అయ్యాడు. 1850లలో శామ్యూల్ డాక్స్ అనే ఆర్కిటెక్ట్‌ని పెట్టి ఎర్ర ఇటుకల ఇల్లంతా బాత్ నగరం దగ్గర తవ్వే తేనె రంగు రాతితో (బాత్ రాయి అంటారు) కప్పించి, ఇటాలియన్ రాజభవనంలా మార్పించాడు. 1920లో రెండో ఎర్ల్ దాన్ని కిడెర్‌మిన్‌స్టర్ కార్పెట్ల వ్యాపారి సర్ హెర్బర్ట్ స్మిత్‌కి అమ్మాడు. 1937 సెప్టెంబరు 7 రాత్రి మంటలు. అంతే, మళ్ళీ ఎవరూ అందులో కాపురం ఉండలేదు.

మేకులు, బొగ్గు, కార్పెట్లు. ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకుని గేటు దాటండి.

ఇంకో మాట. ఏ భవంతికి వెళ్ళినా యజమాని పేరు పక్కన ఈస్టిండియా కంపెనీ అని కలిపి వెతకండి, ఒక్కోసారి మన ఇంటి గడపకే వచ్చి ఆగుతుంది. హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌హాల్ పార్క్ అని ఒకటుంది. అది శిథిలం కాదు, ఇప్పుడు స్కూలు నడుస్తోంది. దాన్ని కట్టించింది సర్ థామస్ రంబోల్డ్, 1778 నుంచి 1780 దాకా మద్రాసు గవర్నర్. ఉత్తర సర్కారుల జమీందార్లని, అంటే గంజాం నుంచి మన గోదావరి, కృష్ణా దాకా ఉన్నవాళ్ళని, మద్రాసుకి రమ్మని పిలిపించి అక్కడే శిస్తు ఒప్పందాలు చేసుకున్నది ఈయనే. డబ్బు తీసుకున్నాడని ఆరోపణలు వచ్చి పార్లమెంటులో చర్య మొదలైంది, చివరికి శిక్ష పడకుండానే ఆగిపోయింది. ఆయన పోయాక ఆ ఇంటిని కొన్న పాల్ బెన్‌ఫీల్డ్ కూడా మద్రాసులో ఆర్కాటు నవాబుకి అప్పులిచ్చి గడించినవాడే.

అక్కడికి చేరాక లోపలికి పరిగెత్తొద్దు

అందరూ చేసేది ఇదే. స్తంభాలు కనపడగానే మెట్లెక్కి లోపలికి పోతారు. అలా కాకుండా ముందు భవంతి చుట్టూ బయటి నుంచి ఒక చుట్టు పూర్తిగా తిరగండి, కాస్త దూరంగా. ఎన్ని ముఖాలు ఉన్నాయి, ఏ ముఖం గొప్పగా ఉంది, ఏ ముఖం అంత పట్టించుకోకుండా వదిలేశారు. గొప్ప ముఖం అతిథులు బండి దిగే వైపు, తోట వైపు ఉంటుంది. పట్టించుకోని ముఖం పనివాళ్ళది, అక్కడే వంటిల్లు, బొగ్గు, చాకిరేవు. విట్లీలో దక్షిణం వైపు నాష్ పెట్టిన పోర్టికోకి ఎనిమిది స్తంభాలు, బ్రిటన్‌లో ఏ పల్లె భవంతికైనా ఉన్న అతి పెద్ద పోర్టికోల్లో ఇదొకటి. దాని ముందు నిలబడి తల ఎత్తితే ఆయన ఉద్దేశం అర్థమైపోతుంది, వచ్చినవాడు చిన్నబోవాలి.

తర్వాత కిటికీలు. వరుసల ఎత్తు పోల్చండి. ఎత్తైన కిటికీలు ఉన్న అంతస్తు విందులది, నాట్యాలది. పైకి పోయేకొద్దీ కిటికీలు పొట్టివవుతాయి, అన్నిటికన్నా పైన చిన్నవి ఉంటే అవి ఎక్కువగా పనివాళ్ళ పడకగదులు. నేలలో సగం దిగిపోయిన కిటికీలు బేస్‌మెంట్‌వి. గోడ చూసి ఇంట్లో ఎవరి స్థానం ఎక్కడో చెప్పేయొచ్చు.

రాయి పెచ్చు ఊడిన చోట ఆగండి. విట్లీలో ఇది చాలా ముఖ్యం. బయటికి అంతా రాతి కట్టడమే అనిపిస్తుంది, పెచ్చు ఊడిన చోట లోపలి ఎర్ర ఇటుక బయటపడుతుంది. అదే అసలు ఇల్లు. డాక్స్ చేసింది దాని మీద రాతి పలకలు తొడగడం. ఇటుకల్ని కూడా తేరిపార చూడండి, చేత్తో చేసిన పాత ఇటుకలు ఒకే మందంలో, ఒకే రంగులో ఉండవు, తర్వాతి కాలంవి వచ్చేసరికి వరుసలు తిన్నగా ఉంటాయి. ఉత్తరం వైపు ఉన్న రెండు బురుజులు లోపల పాత ఇంటివే, పైన వేసిన చొక్కా మాత్రం విక్టోరియా కాలంది.

ఇంకోటి, గోడలో నిలువుగా తిన్నగా దిగిన అతుకు. మామూలుగా ఇటుకలూ రాళ్ళూ ఒకదాని మీద ఒకటి జోడు తప్పించి పేరుస్తారు కాబట్టి నిలువు గీత రాదు. పై నుంచి కింద దాకా ఒక్కటే గీత కనపడిందంటే అక్కడ ఒక కట్టడం ఆగింది, ఇంకొకటి వచ్చి పక్కన నిలబడింది. అలాగే ఇటుకలతో మూసేసిన కిటికీలు, తలుపులు. వీటిని పిల్లలతో వెతికించండి, వాళ్ళు మనకంటే తొందరగా పట్టేస్తారు.

లోపల: తల పైకెత్తి నడవాలి

ఇంగ్లండ్ పాత భవంతుల్లో అంతస్తులు చాలావరకు చెక్కే. పెద్ద దూలాలు, వాటి మీద అడ్డ దూలాలు, పైన చెక్క పలకలు. పైకప్పు కూడా చెక్క వాసాల మీదే, పైన పలకరాయి లేదా సీసపు రేకు. అందుకే మంట వస్తే గోడలు తప్ప ఏమీ మిగలదు. అందుకే లోపల నిలబడితే నాలుగు వైపులా గోడ, పైన ఆకాశం.

ఇప్పుడు గోడ మీద ఒకే ఎత్తులో వరసగా చదరపు తొర్రలు వెతకండి. దూలాల కొసలు దూరిన గూళ్ళు అవి. ఆ వరసే అంతస్తు. ఒకసారి అది దొరికిందంటే మిగతాదంతా చకచకా కుదురుకుంటుంది. దాని పైన ఇంకో వరస, మధ్యలో గోడకి వేలాడుతున్నట్టు ఒక ఫైర్‌ప్లేస్, దాని కింద ఇంకోటి, ఆ పక్కన గాల్లోకి తెరుచుకున్న తలుపు. ఫైర్‌ప్లేస్‌లు ఒకదాని మీద ఒకటి ఎందుకుంటాయంటే పొగగొట్టాలు ఒకే గోడలో పైకి వెళ్ళాలి. కింద పెద్దదిగా, చెక్కిన రాతి చట్రంతో ఉంటే అది దొరల గది, పైన చిన్న ఇనప గూడు లాంటిదైతే పనిమనిషి గది. కొన్ని పడక గదులకి అసలు ఫైర్‌ప్లేసే ఉండదు. ఇంగ్లండ్ చలికాలంలో ఒక రాత్రి గడిపినవాళ్ళకి దాని అర్థం నేను విడిగా చెప్పక్కర్లేదు. చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్ళండి, లేకపోతే ఫోన్ జూమ్ చాలు, పై గోడల్లో మిగిలిన ప్లాస్టర్ ముక్కలు, పువ్వులు, చెక్క పలకలు బిగించిన గుర్తులు కింది నుంచి మామూలు కంటికి ఆనవు.

రంగు చూడండి. బాత్ రాయి లాంటి సున్నపురాళ్ళలో కొద్దిగా ఇనుము ఉంటుంది, గట్టిగా వేడి తగిలితే ఆ ఇనుము రంగు మారి రాయి గులాబీ, ఎర్ర ఛాయకి తిరుగుతుంది, మళ్ళీ వెనక్కి రాదు. కిటికీల పైన, తలుపుల పక్కన ఆ ఛాయ కనపడితే మంట అక్కడి నుంచి నాలుక చాపిందని లెక్క. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, అంటే పొద్దున లేదా సాయంత్రం, ఈ రంగులూ గోడ మీది మచ్చలూ బాగా తెలుస్తాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు గోడ చప్పగా ఉంటుంది. సన్నటి వాన పడితే ఇంకా మంచిది, తడిసిన రాయి అతుకులన్నీ చూపిస్తుంది.

ఆ రాత్రి ఏం జరిగిందంటే, మంట బేస్‌మెంట్‌లోని రొట్టెలు కాల్చే గదిలో మొదలైంది. సర్ హెర్బర్ట్ స్మిత్ ఊళ్ళో లేడు. గాలి బలంగా ఉంది. పనివాళ్ళు చేతికందిన సామాను బయటికి మోశారు. తోటలో అంత పెద్ద ఫౌంటెన్, దానికి బోలెడంత నీరు, మంటలార్పడానికి వాడదామంటే ఆ పంపుల ఏర్పాటు ఏళ్ళ తరబడి పట్టించుకోక మూలపడి ఉంది. కాలింది కూడా మొత్తం ఇల్లు కాదు, మధ్య భాగమూ తూర్పు వైపు ఎక్కువగా దెబ్బతిన్నాయి. కావాలంటే బాగుచేసుకోగలిగేవాళ్ళే. చేయలేదు. అమ్మకానికి పెట్టారు, ఆ తర్వాత పాత సామాను కొనేవాళ్ళ చేతుల్లోకి పోయింది, సీసం, దూలాలు, చలువరాళ్ళు, ఏది ఊడితే అది ఊడబీక్కుపోయారు. 1972లో ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చేదాకా ఇదే కథ. అందుకే లోపల నడుస్తున్నప్పుడు ప్రతి గోడ దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది మంట తీసుకుపోయిందా, మనిషి తీసుకుపోయాడా? మంటైతే మరక, పగులు, రంగు మార్పు వదులుతుంది. మనిషైతే శుభ్రంగా ఊడదీసిన చదరపు ఖాళీ వదులుతాడు. ఫైర్‌ప్లేస్ చుట్టూ రాతి చట్రం ఉండాల్సిన చోట నున్నగా ఇటుక కనపడితే ఆ చట్రం ఇప్పుడు ఎవరింట్లోనో ఉండొచ్చు.

దీన్ని ఒక్క విట్లీ ఖర్మ అనుకోకండి. 1870ల నుంచి పొలాల ఆదాయం పడిపోయింది. 1894లో చనిపోయినవాళ్ళ ఆస్తి మీద పన్ను తెచ్చారు, అప్పట్లో గరిష్ఠంగా 8 శాతం, 1919 కల్లా అతి పెద్ద ఎస్టేట్లకి 40 శాతం. మొదటి ప్రపంచ యుద్ధంలో తండ్రి, కొడుకు వెంటవెంటనే పోయిన కుటుంబాల మీద ఆ దెబ్బ ఇంకా గట్టిగా పడింది. పనివాళ్ళు ఫ్యాక్టరీలకి పోయారు. రెండో యుద్ధంలో సైన్యం, స్కూళ్ళు, ఆసుపత్రులు వాడుకుని అరిగిన ఇళ్ళు వెనక్కి ఇచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఇలాంటివి వెయ్యికి పైగా నేలమట్టమయ్యాయి, అందులో 1950లు మరీ ఘోరం. మనం ఇప్పుడు చూస్తున్నవి కూల్చడానికి కూడా ఎవరూ మిగలక నిలబడ్డవి, లేదా ఎవరో ఒకరు పట్టుబట్టి ఆపినవి.

గోడల తలలు కూడా గమనించండి. పైకప్పు లేని గోడకి పై నుంచి దిగే వానే మొదటి శత్రువు. నీళ్ళు గోడ కడుపులోకి దిగి, చలికి గడ్డకట్టి ఉబ్బి, రాళ్ళని బయటికి నెడతాయి. అందుకే సంరక్షణ చేసేవాళ్ళు గోడ తలని సున్నంతో మూస్తారు, కొన్ని చోట్ల మట్టీ గడ్డీ పరిచి పెంచుతారు. గడ్డి మొలిచిందని అశ్రద్ధ అనుకోవద్దు, అది కావాలని వేసిందే కావచ్చు. సిమెంట్ పూసిన పాత మరమ్మతులు కనపడితే వాటి చుట్టూ రాయి ఎలా రాలిపోయిందో చూడండి, సిమెంట్ తేమని బయటికి పోనివ్వదు, పాత సున్నం పోనిస్తుంది.

ఫౌంటెన్ టైమింగ్ తప్పిపోవద్దు

తోట విలియం ఆండ్రూస్ నెస్‌ఫీల్డ్ గీసింది. దక్షిణం వైపు పెర్సియస్, ఆండ్రోమెడా ఫౌంటెన్, జేమ్స్ ఫోర్సిత్ చెక్కినది. గ్రీకు కథ, బండకి కట్టేసిన రాజకుమార్తెని రెక్కల గుర్రం మీద వచ్చిన వీరుడు సముద్రపు రాక్షసి నుంచి కాపాడతాడు. నీళ్ళు దాదాపు 120 అడుగుల ఎత్తుకి లేచేవి. అప్పట్లో ఆవిరి ఇంజన్‌తో చెరువు నీటిని ఎత్తు మీది జలాశయానికి తోడి, అక్కడి నుంచి వచ్చే ఒత్తిడితో ఎగజిమ్మించేవాళ్ళు. ఎస్టేట్ బొగ్గు గనుల వాళ్ళదే కాబట్టి ఇంజన్‌కి బొగ్గు లోటు లేదు. భవంతితో పాటు ఇదీ పాడుబడింది, ఇప్పుడు ఈ చోటుని చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ వాళ్ళు 2000ల్లో బాగు చేశారు, వెచ్చని నెలల్లో రోజూ కొన్ని నిర్ణీత సమయాల్లో వదులుతారు. వెళ్ళే ముందు వెబ్‌సైట్‌లో ఆ రోజు టైమింగ్ చూసుకుని దాని చుట్టూ మిగతా ప్లాన్ పెట్టుకోండి. తోట నుంచి కాకుండా పోర్టికో మెట్ల మీద నుంచి చూడండి, ఇంట్లోవాళ్ళు చూడటానికే దాన్ని పోర్టికోకి సూటిగా పెట్టారు.

చర్చిని వదిలేస్తే సగం చూసినట్టే

భవంతికి ఆనుకునే సెయింట్ మైకేల్ అండ్ ఆల్ ఏంజెల్స్ చర్చి ఉంది. బయటికి సాదాగా ఉండటంతో చాలామంది పక్క నుంచే పోతారు. తలుపు తీసి లోపలికి వెళ్ళండి. తెలుపు, బంగారు రంగు, పైకప్పు నిండా ఆంటోనియో బెల్లూచి చిత్రాలు, జాషువా ప్రైస్ చేసిన పది రంగుటద్దాల కిటికీలు. ఇంగ్లండ్ పల్లెటూరి చర్చిలో ఇలాంటిది ఉంటుందని ఎవరూ అనుకోరు.

ఇక్కడ అసలు కథ ఏంటంటే ఇవేవీ ఈ చర్చి కోసం చేసినవి కావు. లండన్ పక్కన ఎడ్జ్‌వేర్ దగ్గర కానన్స్ అని ఒక భవంతి ఉండేది, డ్యూక్ ఆఫ్ చాండోస్‌ది. హ్యాండెల్ అనే గొప్ప సంగీతకారుడు అక్కడ ఉండి డ్యూక్ కోసం సంగీతం రాశాడు. డ్యూక్ 1744లో పోయాడు, మిగిలినవి అప్పులు. 1747లో కొడుకు ఇంటిని ముక్కలుగా వేలం వేశాడు. రెండో లార్డ్ ఫోలీ ఆ ఇంటి ప్రార్థనా మందిరంలోని పైకప్పు చిత్రాలు, కిటికీలు, ఆర్గన్ పెట్టె కొని తెచ్చి, 1735లో ప్రారంభమైన ఈ చర్చిలో బిగించాడు. అక్కడి గోడల ప్లాస్టర్ నగిషీని ఊడదీయడం కుదరదు కదా, అందుకని కాగితపు గుజ్జుతో అచ్చు అలాగే చేయించి, బంగారు పూత వేయించాడు. తలెత్తి చూస్తే రాతి మీద చెక్కినట్టే ఉంటుంది, కాగితం అని చెప్తే అమ్మానాన్నలు నమ్మరు, మా ఇంట్లోవాళ్ళైతే అసలు నమ్మలేదు.

అంటే రెండున్నర శతాబ్దాలకి పైగా కిందట కూలిన ఒక భవంతి లోపలి భాగం, ఇంకో కూలిన భవంతి పక్కన భద్రంగా ఉంది. విట్లీ గోడల నుంచి ఊడిపోయినవి ఎటుపోయాయో అని బాధపడుతూ వచ్చినవాళ్ళు ఇక్కడ ఇంకొకరి ఇంట్లోంచి ఊడి వచ్చినవి చూస్తారు. నాకు ఈ మొత్తం చోటులో ఇదే ఎక్కువ ఇష్టం. వరస కూడా అలాగే పెట్టుకోండి, భవంతి ముందు, చర్చి తర్వాత.

అది ఇప్పటికీ పూజలు జరిగే చర్చి, ఇంగ్లిష్ హెరిటేజ్‌ది కాదు. పెళ్ళో, ప్రార్థనో ఉంటే లోపలికి వెళ్ళలేకపోవచ్చు.

టికెట్, కారు, చెప్పులు వగైరా

కారు లేకపోతే కష్టమే, పల్లె బస్సులు తక్కువ. వూస్టర్ దాకా రైల్లో వచ్చి అక్కడి నుంచి నలుగురు కలిసి టాక్సీ మాట్లాడుకోవచ్చు, తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోండి. పార్కింగ్ నుంచి భవంతికి చెట్ల మధ్య కొంత నడక ఉంది, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉంటే ముందే ఫోన్ చేసి దగ్గర్లో దింపే వీలుందేమో అడగండి. గడ్డి దాదాపు ఎప్పుడూ తడిగా ఉంటుంది, చెప్పులు వద్దు, బూట్లు వేయించండి. మన పెద్దవాళ్ళకి ఎండ ఉన్నా ఒక స్వెట్టర్ చేతిలో ఉంచండి, పైకప్పు లేని గదుల్లో గాలి సుడి తిరుగుతుంది. పులిహోర డబ్బాలో పెట్టుకెళ్తే తోటలో కూర్చుని తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు, ఆకులూ కవర్లూ మాత్రం వెనక్కి తెచ్చుకోండి.

ఇంగ్లిష్ హెరిటేజ్, నేషనల్ ట్రస్ట్ రెండూ వేరు వేరు సంస్థలు, ఒకదాని కార్డు ఇంకోదాని దగ్గర పనిచేయదు. విట్లీ ఇంగ్లిష్ హెరిటేజ్‌ది. ఏడాదిలో కుటుంబంతో కలిసి మూడు నాలుగు చోట్లకి వెళ్ళే ఆలోచన ఉంటే మెంబర్‌షిప్ లాభం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి వాళ్ళ దగ్గర విదేశీ సందర్శకుల పాస్ వేరే ఉంటుంది, కొన్ని రోజుల్లో ఎన్ని చోట్లయినా తిరగొచ్చు, ధర పోల్చుకుని తీసుకోండి. చలికాలంలో తెరిచి ఉండే రోజులు తగ్గుతాయి.

గోడలెక్కొద్దు, తాడు దాటొద్దు. గుర్తుగా ఉంటుందని రాతి ముక్క జేబులో వేసుకోవద్దు, ఇప్పటికే చాలామంది చాలా తీసుకుపోయారు. డ్రోన్‌కి అనుమతి కావాలి. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడటం నేరం. ప్రీ వెడ్డింగ్ షూట్ చేసేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. ఫొటోగ్రాఫర్‌కి డబ్బిచ్చి చేయించుకునే షూట్ అయితే ముందే ఈమెయిల్ పెట్టి అడగండి, అక్కడికి వెళ్ళాక సిబ్బందితో వాదన పెట్టుకుంటే పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురికి టెన్షన్ తప్ప ఏమీ రాదు.

విట్లీ తర్వాత ఎక్కడికి

డార్బీషైర్. ఎం1 మోటార్‌వే మీద 29వ జంక్షన్ దగ్గర దిగితే హార్డ్‌విక్. బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అనే ఆవిడ 1580ల చివర్లో ఓల్డ్ హాల్ కట్టిస్తూ ఉండగానే, 1590లో పక్కనే న్యూ హాల్ మొదలుపెట్టింది. ఇప్పుడు పాతది శిథిలం, కొత్తది చెక్కుచెదరలేదు, రెండింటి మధ్య కొద్దిపాటి నడకే. ముందు కొత్తదాంట్లో ఒక పెద్ద గది చూసి, పైకప్పు అంచున ప్లాస్టర్ బొమ్మలు ఎలా ఉన్నాయో గుర్తుపెట్టుకుని, వెంటనే పాతదాంట్లోకి రండి. అక్కడ కూడా ఫైర్‌ప్లేస్‌ల పైన ప్లాస్టర్ బొమ్మలు నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఇంకా గోడని పట్టుకుని ఉన్నాయి, ఒకచోట ఇద్దరు రాక్షసాకారులు నిలబడి ఉంటారు. అంతస్తు లేని గోడ మీద గది ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. పాతది ఇంగ్లిష్ హెరిటేజ్ చూసుకుంటుంది, కొత్తది నేషనల్ ట్రస్ట్, టికెట్ల విషయం ముందే చూసుకోండి.

అక్కడికి దగ్గర్లోనే సటన్ స్కార్స్‌డేల్ హాల్. 1720లలో కట్టింది, మంటలు రాలేదు, పిడుగు పడలేదు. 1919లో వ్యాపారులు కొన్నారు, పైకప్పు తీసేసి అమ్ముకున్నారు, లోపలి గదుల్ని గదులుగానే ఊడదీసి అమ్మారు. వాటిలో కొన్ని ఇప్పుడు అమెరికాలో ఫిలడెల్ఫియా మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ఉన్నాయి. మిగిలిన గోడల్ని కూడా పడగొట్టబోతుంటే 1946లో రచయిత ఆస్బర్ట్ సిట్‌వెల్ కొని ఆపాడు. మీ వాళ్ళెవరైనా ఫిలడెల్ఫియా వైపు ఉంటే ఆ మ్యూజియంలో ఆ గది ముందు నిలబడి వీడియో కాల్ చేయమనండి, మీరిక్కడ ఆ గది ఊడొచ్చిన గోడ ముందు నిలబడి మాట్లాడండి. సమయాల తేడా చూసుకుని, ఇక్కడ సాయంత్రం మూడు, నాలుగింటికి పెట్టుకుంటే అక్కడ మ్యూజియం తెరిచి ఉంటుంది.